వాళ్ళ మాటలు చదివిన ప్రతిసారీ నేను చిన్నబోతున్నాను

రియాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, సొంత ఊరు బయటపెట్టవద్దన్నారు. ఆవిడకి ముప్ఫై ఆరేళ్ళు. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ నిజామాబాద్ జిల్లాలోనే. బీటెక్ చదివి, మాదాపూర్‌లో మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు. పాప పుట్టాక మానేశారు. భర్త రియాద్‌లో ఒక నిర్మాణ సంస్థలో ఇంజినీరు. 2019లో పిల్లలతో ఆయన దగ్గరికి వెళ్ళారు. పాపకి పదకొండేళ్ళు, బాబుకి ఏడు. పిల్లలు స్కూలుకి, ఆయన సైటుకి వెళ్ళాక ఫ్లాట్‌లో ఆవిడ ఒక్కరే. పక్క ఫ్లాట్‌లో ఉండే సౌదీ ఆవిడ బ్యాంకు ఉద్యోగి. తన కారు తనే నడుపుకుంటూ, దారిలో పిల్లల్ని బడి దగ్గర దింపి ఆఫీసుకి వెళ్తుంది. వంటకీ ఇంటిపనికీ ఆ ఇంట్లో కోనసీమ నుంచి వెళ్ళిన ఒకామె ఉంటుంది.

పోయిన ఏడాది పాపని స్కూల్లో అరబ్ మహిళల విజయాల మీద మాట్లాడమన్నారట. పాప కోసం వెతకడం మొదలుపెట్టిన తల్లి ఇక ఆగలేదు. ఫోన్ నిండా వాళ్ళ ఫొటోలు, వాళ్ళ మాటలు. ఉత్తరంలో ఇలా రాశారు: “మొదట్లో ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు వాళ్ళ మాటలు చదివిన ప్రతిసారీ నేను చిన్నబోతున్నాను. అన్ని సంకెళ్ళ మధ్య వాళ్ళు అంత సాధించారు. నాకు ఏ సంకెళ్ళూ లేవు. నేనేం చేశాను?”

డ్రైవింగ్ నేర్చుకుంటానని, ఏదైనా ఉద్యోగం చూసుకుంటానని భర్తని చాలాసార్లు అడిగారు. “ఉన్న ఖర్చులు చాలవా, ఇంకో నాలుగేళ్ళు ఓపిక పడితే ఇంటికి పోతం కదా” అన్నది ఆయన జవాబు. నోటితో చెబితే వినడం లేదని, రాత్రిపూట ఆ మహిళల మాటలు ఆయనకి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టారు. ఒకరోజు, సౌదీలో ఆడవాళ్ళు కారు నడిపే హక్కు కోసం జైలుకు వెళ్ళిన మనాల్ అల్ షరీఫ్ మాట పంపితే, “వాళ్ళ లెక్క నువ్వు కూడా జైలుకు పోతవా?” అని కోపంగా అడిగారట. అప్పట్నుంచి ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. అత్తగారు ఫోన్‌లో, “గా దేశంల ఆడోళ్ళే బయటికి రారంట, నీకెందుకే కారు?” అన్నారు.

చివర్లో మూడు ప్రశ్నలు. ఈ మాటలు చదవడం మానెయ్యాలా? ఆయన్ని కాదని లైసెన్స్ తీసుకోవాలా? పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చెయ్యాలా?

అమ్మా, మీ ఉత్తరంలో “నాకు ఏ సంకెళ్ళూ లేవు” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అది నిజం కాదు. అది నిజమనుకోవడం వల్లే మీకు ఇంత బాధ కలుగుతోంది. ముందు అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చిన అనుమతి కార్డు, మీ భర్త ఇఖామా కింద ఉంది. ఊరికి రావాలంటే మీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అబ్షర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల్లో ఆయన ఖాతాలోంచి రావాలి. డిపెండెంట్‌గా ఉన్నంతకాలం విడిగా అనుమతి లేకుండా జీతానికి పనిచెయ్యడానికి లేదు. అదే మీ పక్క ఫ్లాట్ ఆవిడ సంగతి చూడండి. 2019 ఆగస్టులో మారిన చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండిన సౌదీ మహిళ సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకోవచ్చు, ప్రయాణం చెయ్యవచ్చు. అంటే మీరిద్దరూ ఒకే అంతస్తులో ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆవిడకున్న వెసులుబాటు మీకు లేదు. ఇది మీ చేతకానితనం కాదు. వీసా కాగితం మీద రాసి ఉన్న షరతు. మిమ్మల్ని మీరు నిందించుకునే ముందు ఈ లెక్క సరిచూసుకోండి.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. మీరు బీటెక్‌లో చేరేనాటికి మన ఊళ్ళల్లో ఆడపిల్ల ఇంజినీరింగ్ చదవడం వింత కాదు. అదే కాలంలో సౌదీ అమ్మాయిలకి సొంత దేశంలో ఇంజినీరింగ్ సీటు దొరకడమే కొత్త. మీకు ఉన్నవి వాళ్ళకి లేవు, వాళ్ళకి వచ్చినవి మీకు ఇంకా రాలేదు. పక్కపక్కన నిలబెట్టి ఎవరు ఎత్తు అని కొలవడానికి వీలుకాని జీవితాలు ఇవి.

ఇక మీ ఫోన్‌లోని ఫొటోల గురించి. వాటిని చదవడం మానెయ్యమని నేను చెప్పను. ఇంకాస్త ఎక్కువ చదవండి. ఫొటో మీద పట్టే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోకుండా, దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో కూడా చదవండి.

ఆర్కిటెక్టు జహా హదీద్ మాట మీరు ఉత్తరంలో రాశారు. 360 డిగ్రీలు ఉండగా ఒక్కదాన్నే ఎందుకు పట్టుకు వేలాడాలి అన్నది. గొప్ప మాటే. కానీ ఆమె 1950లో బాగ్దాద్‌లో సంపన్నుల ఇంట్లో పుట్టింది. తండ్రి ఇరాక్ ఆర్థిక మంత్రిగా పనిచేసినవాడు. కూతుర్ని చదువుకోమని పంపినవాడు. బేరూత్‌లో లెక్కలు, లండన్‌లో ఆర్కిటెక్చర్ చదివింది. 1983లో హాంకాంగ్‌లో ఒక కొండమీద కట్టబోయే క్లబ్బు కోసం ప్రపంచవ్యాప్తంగా పెట్టిన పోటీలో ఆమె డిజైన్ గెలిచింది. ఆ క్లబ్బు కట్టనే లేదు. ఆమె పేరు చెప్పుకోదగ్గ మొదటి భవనం, జర్మనీలో ఒక ఫ్యాక్టరీ ఆవరణలోని ఫైర్ స్టేషన్, పూర్తయింది 1993లో. మధ్యలో పదేళ్ళు. ఆ పదేళ్ళూ ‘కాగితం మీదే కట్టే ఆర్కిటెక్టు’ అన్న పేరు మోసింది. 1994లో కార్డిఫ్ ఒపేరా హౌస్ పోటీ గెలిస్తే, ఏడాది తిరిగేసరికి దానికి డబ్బు ఇచ్చేది లేదన్నారు. ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి 2004లో వచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆమే.

ఆ పదేళ్ళూ ఆమె గీస్తూనే ఉంది. విద్యార్థులకి పాఠాలు చెప్పింది. గీసినవాటిని బొమ్మలుగా వేసి ప్రదర్శనల్లో పెట్టింది. మీ పదకొండేళ్ళ విరామం గురించి “అంతా అయిపోయింది” అని రాశారు కదా, అందుకే ఇంత చెప్పాను. విరామం ఎంత పొడుగు అన్నదానికన్నా, ఆ విరామంలో చేతికి పని ఉందా లేదా అన్నది ముఖ్యం. మీ చేతికి పని లేకుండా పోయింది. నిజంగా కోల్పోయింది అది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఉద్యోగం దొరికేదాకా ఆగక్కర్లేదు. రియాద్‌లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మెట్రో స్టేషన్ ఆమె సంస్థ డిజైన్ చేసిందే. తెల్లగా, ఇసుక తిన్నెల మీద గాలి గీసిన గీతల్లా ఉంటుంది. ఒక శుక్రవారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని మెట్రోలో వెళ్ళి చూసి రండి. దీనికి కారూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు.

మనాల్ అల్ షరీఫ్ సంగతి మీ ఇంట్లో గొడవ తెచ్చింది కనుక కొంచెం ఎక్కువ చెప్పాలి. “వాన ఒక్క చినుకుతోనే మొదలవుతుంది” అని ఆమె అన్న మాటే మీరు పంపింది. ఆమె మక్కాలో టాక్సీ నడిపే తండ్రికి పుట్టింది. కంప్యూటర్ సైన్స్ చదివి అరామ్‌కోలో ఉద్యోగం తెచ్చుకుంది. 2011 మేలో ఖోబార్‌లో కారు నడుపుతూ తీయించుకున్న వీడియో ప్రపంచమంతా చూసింది. అరెస్టు చేశారు, జైల్లో పెట్టారు. ఇది ఫొటోల్లో ఉంటుంది. అప్పటికే ఆమెకి డ్రైవింగ్ బాగా వచ్చు అని, అమెరికాలో ఉద్యోగం మీద ఉన్నప్పుడు లైసెన్స్ తీసుకుందని ఫొటోలో ఉండదు. ఆమె పక్కన సొంత తోబుట్టువు నిలబడ్డాడని, అతన్నీ పట్టుకెళ్ళారని ఉండదు. తర్వాత ఉద్యోగం పోయిందని, దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చిందని, పెద్ద కొడుక్కి దూరమైందని ఉండదు.

ఆ చినుకు మొదటిది కూడా కాదు. 1990 నవంబరు 6న మీరు ఉంటున్న ఊళ్ళోనే 47 మంది ఆడవాళ్ళు కార్లు నడిపారు. వాళ్ళ పాస్‌పోర్టులు లాక్కున్నారు, ఉద్యోగాల్లోంచి ఆపారు. మహిళలు చట్టబద్ధంగా నడిపే రోజు 2018 జూన్ 24న వచ్చింది. దాదాపు 28 ఏళ్ళు పట్టింది. దానికి నెల ముందు, అంటే మే నెలలో, అదే హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హథ్లూల్‌ని, మరికొందరు మహిళల్ని అరెస్టు చేశారు. లుజైన్ జైలు నుంచి బయటికొచ్చింది 2021 ఫిబ్రవరిలో.

అందువల్ల “జైలుకు పోతవా” అన్న మీ భర్త మాట మిమ్మల్ని గాయపరిచినా, అందులో భయం ఉంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పరాయి దేశంలో, ఒక యజమాని పూచీ మీద ఉద్యోగం చేసే మనిషికి భార్య ఫోన్‌లోంచి ఆ పేర్లు వస్తుంటే గుండె దడదడలాడుతుంది. ఆ పేర్లు మీ మనసులో ఉంచుకోండి, పాపకి ఇంట్లో చెప్పండి. స్టేటస్‌లో, గ్రూపుల్లో పెట్టకండి. ఇది పిరికితనం నేర్పడం అనుకోవద్దు. వాళ్ళు పోరాడి తెచ్చిన హక్కు ఇప్పుడు చట్టం. మీరు లైసెన్స్ కోరడం చట్టం ఇచ్చినదాన్ని అడగడం. మీరు ఆయనతో “నేను మనాల్‌లా చేస్తాను” అన్నట్టుగా మాట్లాడారు, ఆయనకి జైలు వినిపించింది. “నాకు లైసెన్స్ కావాలి, దానికి ఇంత ఖర్చు, ఇన్ని వారాలు” అని ఉంటే, ఆయన వేరే జవాబు వెతుక్కోవలసి వచ్చేది.

మీ ఫోన్‌లో ఉందో లేదో తెలియదు గాని, నాకు మీ విషయంలో గుర్తొచ్చిన మనిషి ఎఫ్ఫత్. సౌదీ రాజు ఫైసల్ భార్య, అప్పటికి ఆయన ఇంకా యువరాజు. 1955లో జెద్దాలో ఆడపిల్లల కోసం దార్ అల్ హనాన్ బడి తెరిచింది. ఆడపిల్లకి చదువు హక్కు అని జెండా ఎత్తలేదు. పిల్లల్ని బాగా పెంచాలంటే తల్లికి చదువు కావాలి అని, ఎదుటివాళ్ళు కాదనలేని మాట పట్టుకుంది. 1960లో ప్రభుత్వం ఆడపిల్లల బడులు మొదలుపెట్టినప్పుడు కొన్నిచోట్ల గట్టి వ్యతిరేకత వచ్చింది. ఎవరినీ బలవంతం చెయ్యం, బడి మాత్రం తెరిచి ఉంటుంది అన్న పద్ధతిలో నడిపించారు. 1999లో అదే ఎఫ్ఫత్ జెద్దాలో ఆడపిల్లల కాలేజీ స్థాపించింది. దేశంలో అమ్మాయిలకి ఇంజినీరింగ్ మొదట చెప్పిన చోట్లలో అది ఒకటైంది. ఆమె రాజు భార్య, మీకూ నాకూ ఆ వీలు లేదు. అయినా ఆమె దగ్గర తీసుకోదగ్గది ఉంది: ఎదుటి మనిషి దేన్ని చూసి భయపడుతున్నాడో కనుక్కుని, ఆ భయానికి జవాబు చెప్పే మాటతో మొదలుపెట్టడం.

మీ భర్త భయం డబ్బు. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గాని, అది చిన్నది కాదు. 2017లో మొదలైన డిపెండెంట్ ఫీజు ఏటా పెరిగి, 2020 జూలై నుంచి మనిషికి నెలకి 400 రియాల్ అయింది. మీరు ముగ్గురు, నెలకి 1200. స్కూలు ఫీజులు, అద్దె, ఊళ్ళో ప్లాటు వాయిదా దాని మీద. ఈ ఫీజు మొదలయ్యాక ఎన్నో తెలుగు కుటుంబాలు భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశాయి. ఆయన పంపలేదు. మిమ్మల్ని కట్టిపడెయ్యాలని కాదు, దగ్గర ఉంచుకోవాలని ఆ డబ్బు కడుతున్నారని నాకు అనిపిస్తోంది. పొరపాటైతే మీకే తెలుస్తుంది. ఆ మాట ఆయనతో ఒకసారి అని చూడండి.

ఇప్పుడు దారులు చూద్దాం.

లైసెన్స్ ఆయన్ని కాదని తీసుకోవచ్చా అంటే, మీ ఇఖామాతో మీరే డ్రైవింగ్ స్కూల్లో చేరవచ్చు. రియాద్‌లో ఆడవాళ్ళకి ప్రిన్సెస్ నూరా విశ్వవిద్యాలయంలో స్కూలు ఉంది. కానీ కారు ఆయన పేరు మీద ఉంటే, ఆయన సరే అంటేనే మీరు దాన్ని నడపగలుగుతారు. దాచి తెచ్చుకున్న లైసెన్స్ బీరువాలో ఉంటుంది, ఆయన నమ్మకం మాత్రం పోతుంది. రియాద్ రింగు రోడ్డు మీద వేగం చూసి ఆయన భయపడుతున్నారా, ఖర్చు చూసి భయపడుతున్నారా, నలుగురూ ఏమనుకుంటారో అని భయపడుతున్నారా? మొదటిదానికి జవాబు శిక్షణ, రెండోదానికి లెక్క, మూడోదానికి కాలం. ఏదో తెలియకుండా పోట్లాడితే మూడూ కలిసిపోతాయి. చెప్పి చేరడం వేరు, అనుమతి అడిగి చేరడం వేరు అని కూడా గుర్తుంచుకోండి. “ఫలానా నెల నుంచి చేరుతున్నాను, మీరు నన్ను మొదటి రోజు దింపండి” అని చెప్పే చనువు మీ కాపురంలో ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. ఉంటే, నేను ఆ దారినే ఇష్టపడతాను.

ఉద్యోగం విషయంలో మీకు దగ్గరున్న తలుపు పిల్లల స్కూలే. డిపెండెంట్ వీసా మీద ఉన్న మన ఆడవాళ్ళు ‘అజీర్’ అనే పని అనుమతితో భారతీయ స్కూళ్ళలో పనిచేస్తున్నారు. కంప్యూటర్ పాఠాలకి బీటెక్ వాళ్ళని తీసుకునే చోట్లు ఉంటాయి. నిబంధనలు మారుతుంటాయి కనుక స్కూలు ఆఫీసులోనే అడగండి. జీతం మీరు ఊహించినంత ఉండదు. దిద్దాల్సిన పుస్తకాలు ఇంటికొస్తాయి, వంట కూడా మీ మీదే ఉంటే మొదటి నెలలు నలిగిపోతారు. టెస్టింగ్ రంగానికి ఇంకాస్త దూరమవుతారు కూడా. కానీ పిల్లల బస్సులోనే వెళ్ళి రావచ్చు, మీ చేతిలో మీ డబ్బు ఉంటుంది, పగలు మాట్లాడే మనుషులు ఉంటారు. ఉత్తరమంతా చదివాక, మీకు జీతం కన్నా ఈ చివరిది ఎక్కువ అవసరమని నాకనిపించింది.

టెస్టింగ్‌కే తిరిగి వెళ్ళాలంటే, మీరు వదిలేసినప్పటి పని ఇప్పుడు లేదు. చేత్తో చేసే టెస్టింగ్ తగ్గి, ఆటోమేషన్ పెరిగింది. రోజూ రెండు మూడు గంటల చొప్పున ఆరేడు నెలలు నేర్చుకుంటే మళ్ళీ మొదటి మెట్టు అందుతుంది. పాత సీనియారిటీ దొరకదు. మీకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ కింద పనిచెయ్యాల్సి వస్తుంది. ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచెయ్యవచ్చు కదా అని మీరు అడిగారు. డిపెండెంట్ ఇఖామా మీద అలా జీతం తీసుకోవడం చిక్కు తేవచ్చు. తెలిసినవాళ్ళ మాట మీద కాకుండా, నిబంధనలు చూసే మనిషిని అడిగాకే అందులో దిగండి. నేర్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

హైదరాబాద్ రావడం పెద్ద నిర్ణయం. నెలకి 1200 రియాల్ మిగులుతుంది, మీకు ఉద్యోగం దొరికే అవకాశం అక్కడికన్నా ఎక్కువ. కానీ పిల్లలు తండ్రికి దూరమవుతారు, ఆయన ఒంటరిగా బ్యాచిలర్ రూముకి వెళ్తారు, మీరు ఒక్కరే రెండు పాత్రలూ మొయ్యాలి. వస్తే ఇద్దరూ కూర్చుని, ఫలానా విద్యాసంవత్సరం అయ్యాక అని తేదీ పెట్టుకుని రండి. గొడవపడిన వారంలో టికెట్ కొనకండి. రీ-ఎంట్రీ గడువు దాటితే తిరిగి వెళ్ళడం కష్టమవుతుంది. కోపం మీద పెట్టిన అడుగు వెనక్కి తీసుకోవడానికి వీసా ఒప్పుకోదు.

ఏమీ మార్చకుండా ఆ నాలుగేళ్ళూ ఉండిపోవడం కూడా ఒక దారే. దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే నాలుగేళ్ళన్నది నిజంగా నాలుగేళ్ళేనా? గల్ఫ్‌లో ‘ఇంకో రెండేళ్ళు’ ఎలా సాగుతాయో మీ జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఉండేటట్టయితే, ఏ ఏడాది వెళ్ళిపోతారో, అప్పటికి మీరు ఏం నేర్చుకుని ఉంటారో ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి. అప్పటికి మీకు నలభై నిండుతాయి. ఆ కాగితం లేకుండా ఉండిపోతే ఈ ఉత్తరమే మళ్ళీ రాస్తారు.

అత్తగారికి జవాబు తేలిక. పనిచేస్తున్న, పని వెతుక్కుంటున్న సౌదీ మహిళలు 2017 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు ఉంటే, ఐదారేళ్ళలోనే ముగ్గురిలో ఒకరయ్యారు. ఆవిడకి లెక్కలు చెప్పకండి. మీ పక్కింటి ఆవిడ కారు దిగుతుండగా ఒకసారి పలకరించి, ఆవిడ గురించే అత్తగారికి చెప్పండి.

అదే ఇంట్లో ఉన్న కోనసీమ ఆమెని కూడా మరిచిపోవద్దు. ఆ బ్యాంకు ఉద్యోగి పొద్దున్నే బయల్దేరగలగడం వెనక ఆమె చేతులున్నాయి. గల్ఫ్ మహిళల విజయాల వెనక కడప, కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్ళిన ఖద్దామాల కష్టం ఎంతో ఉంది. ఏ ఫొటో మీదా ఆ మాట కనిపించదు. తెలుగులో నాలుగు మాటలు మాట్లాడే మనిషి గోడకి అవతలే ఉంది. ఆమెకి సెలవు దొరుకుతోందా, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉందా అని అడగండి. మీ ఒంటరితనానికీ, ఆమె ఒంటరితనానికీ అది మంచిది.

పాప మళ్ళీ మాట్లాడాల్సి వస్తే, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం తెచ్చిన మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్ గురించి చెప్పమనండి. ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన మొదటి అరబ్ మహిళ ఆమే. లేదా 2023 మేలో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి సౌదీ మహిళ రయ్యానా బర్నావి గురించి. ఆమె మీ రియాద్‌లోనే ఒక ఆస్పత్రి ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి క్యాన్సర్ కణాల మీద పనిచేసిన పరిశోధకురాలు. రాకెట్ ఎక్కిన రోజు కన్నా ప్రయోగశాలలో గడిచిన ఆ ఏళ్ళ గురించి పాప ఎక్కువ చెబితే నాకు సంతోషం.

వచ్చే గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి ఆయనతో కూర్చోండి. ఆరోజు ఎవరి మాటలూ ఆయనకి పంపకండి. మీకేం కావాలో మీ మాటల్లో, ఖర్చుతో సహా చెప్పండి. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒక పని మాత్రం రేపే మొదలుపెట్టండి. మీ బీటెక్ సర్టిఫికెట్ నిజామాబాద్‌లో అమ్మగారి బీరువాలో ఉందని రాశారు. దాన్ని అటెస్టేషన్‌కి ఇప్పించండి. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, ఢిల్లీలో ఒక ఆఫీసు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. రియాద్‌లో స్కూలు అడిగినా, రేపు వీసా మార్చుకోవాలన్నా మొదట అడిగేది ఆ కాగితాన్నే. మీ తమ్ముడు హైదరాబాద్‌లోనే ఉన్నాడన్నారు కదా, అతనికి ఫోన్ చెయ్యండి.